సప్తమినాటి ఫోను పిలుపు

2018 అక్టోబరు 16, మంగళవారం. దుర్గాపూజలో సప్తమి. కలకత్తాకు ఉత్తరాన, హుగ్లీ ఒడ్డున ఉన్న టీటాగఢ్‌లో ఢాక్ వాద్యాల మోత తెల్లవారకముందే మొదలైంది. సందు మొగలో లౌడ్‌స్పీకరు. పదకొండు గంటలకు ఒక తెలుగు యువతికి హైదరాబాదులోని ఒక ఆసుపత్రి నుంచి ఫోను రావలసి ఉంది. ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అక్కడ అది మామూలు పనిదినం. బెంగాలులో ఆ రోజు ఎవరూ పుస్తకమైనా తెరవరు.

ఆమె తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుంచి జనపనార మిల్లులో పనికి వచ్చి స్థిరపడినవారు. ఆ మిల్లుల చుట్టూ అటువంటి తెలుగు కుటుంబాలు ఎన్నో. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, కళాశాలలో బెంగాలీ. ఈ మూడు భాషలే ఆమెకున్న ఆస్తి. ఆసుపత్రికి కావలసిందీ అదే. వైద్యంకోసం బెంగాలు నుంచి దక్షిణాదికి వెళ్ళే రోగుల మాటను అక్కడి వైద్యులకు ఫోనులో అందించే మనిషి కావాలి.

తర్ఫీదు ఇచ్చినవారు మేనమామ. మిల్లు కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమించినవారు. ఇంటర్వ్యూల గురించి పుస్తకాలకు లోటు లేదు. వాటిలో చాలావరకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో చెబుతాయి. ఫోనులో చేతులతో పనేముంది? అందుచేత ఆయన ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడగలేదు; వెనుక సందులోకి వెళ్ళి అక్కడినుంచి ఫోను చేసేవారు. మొదటి రోజు రెండవ ప్రశ్నకే ఆమె ఆలోచనలో పడింది. ఆయన ఫోను పెట్టేసి ఇంటికి వచ్చారు.

"లైను తెగిపోయిందనుకున్నాను, అమ్మాయీ."

"ఆలోచిస్తున్నాను మామయ్యా."

"అది నాకెలా తెలుస్తుంది? నీ ముఖం నాకు కనబడిందా?"

టెలిఫోను ఈ నగరానికి కొత్తది కాదు. 1882 జనవరి 28న 93 మంది చందాదారులతో ఇక్కడ ఎక్స్ఛేంజి ప్రారంభమైంది. 1995 జూలై 31న ముఖ్యమంత్రి జ్యోతిబసు రైటర్స్ బిల్డింగ్ నుంచి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో సెల్‌ఫోనులో మాట్లాడారు. దేశంలో అదే మొదటి సెల్‌ఫోను సంభాషణ. ఆ తొలి ఏళ్ళలో వచ్చిన పిలుపుకు కూడా నిమిషానికింత అని చెల్లించవలసి ఉండేది. ఫోనులో మౌనం ఎంత ఖరీదైనదో మామయ్య తరంవారికి బాగా తెలుసు.

పది రోజులు ఇదే సాధన. గోడకు ఒక కాగితం అంటించారు. తన చదువు, చేసిన పని, వారిని అడగవలసిన రెండు ప్రశ్నలు. పూర్తి వాక్యాలు రాయనివ్వలేదు. చదువుతున్న గొంతు అవతలివారు ఇట్టే పోల్చుకుంటారు. కూర్చుంటే గొంతు కుంగిపోతోందని, నిలబడి మాట్లాడమన్నారు.

ఇక కావలసింది నిశ్శబ్దం. పూజ సెలవులకు మూసివున్న పాఠశాల తాళంచెవి సంపాదించి, ఆమెను వెనుక తరగతి గదిలోకి పంపారు. ఢాక్ చప్పుడు అక్కడికీ సన్నగా వచ్చింది. ఫోను ఎత్తగానే ఆమె దాచకుండా చెప్పింది: "ఇక్కడ దుర్గాపూజండీ. చప్పుడు వినబడితే మన్నించండి." అవతల ఎవరో నవ్వారు.

చివరికి పరీక్ష వచ్చింది. అవతలినుంచి ఒక బెంగాలీ స్త్రీ రోగిలా మాట్లాడింది: "గా బొమి బొమి కొర్ఛే." దానిని వైద్యునికి తెలుగులో చెప్పాలి. బొమి అంటే వాంతి. కాని ఆ జంటమాటకు వాంతి అయిందని అర్థం కాదు. అవుతుందేమో అన్న బాధ. ఉన్నది ఒకటి, చెప్పింది మరొకటి అయితే వైద్యుడు పొరపడవచ్చు. తెలుగులో దానికొక మాట ఉంది, అమ్మ రోజూ అనేదే. అది నాలుకమీదికి రాలేదు. గదిలో ఢాక్ మోత తప్ప మరేమీ వినబడటం లేదు.

"ఒక్క క్షణమండీ, సరైన మాట వెతుకుతున్నాను."

అవతలివారు ఆగారు.

"వాంతి కాలేదు డాక్టరుగారూ. కడుపులో తిప్పుతోందంటున్నారు. ఎప్పటినుంచో అడగమంటారా?"

ఆ చివరి ప్రశ్న గోడమీది కాగితంలో లేదు.

ఉద్యోగపు ఉత్తర్వు కాళీపూజ లోపే వచ్చింది. హౌరాలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కించటానికి మామయ్య వెంట వచ్చారు. బండి కదిలిన కాసేపటికి ఫోను చేశారు. ఆమె వెంటనే మాట్లాడలేకపోయింది. ఈసారి ఆయన ఫోను పెట్టేయలేదు.