పిట్టగోడ మీద సోలెడు కందిపప్పు

"ఏమ్మాయ్, మిరపకాయలు తీసుకున్నావా?"

పంపు కింద బిందె పెట్టానో లేదో గోడ అవతల నుంచి ప్రశ్న. మా తెనాలి వీధిలో రెండిళ్ల మధ్య గోడ ఛాతీ ఎత్తే. కూర గిన్నె దాటుతుంది, పాలగ్లాసు దాటుతుంది, సంగతులైతే గోడ ఉందన్న సంగతే ఎరగవు. అవతల పిన్నిగారు కరివేపాకు చెట్టుకి బియ్యం కడిగిన నీళ్లు పోస్తూ నా జవాబు కోసం చూస్తున్నారు.

"లేదు పిన్నిగారూ, వచ్చే నెల చూద్దామని."

"మేలో గుంటూరు యార్డుకి సెలవులిస్తారు. ఆ తరవాత వచ్చే కాయంతా కోల్డ్ స్టోరేజీలోదే. అప్పుడు వాడు చెప్పిందే రేటు, వాడు పోసిందే కాయ."

ఏడాది సరుకు విషయంలో ఆవిడ మాటకి ఎదురు చెప్పే ధైర్యం మా వీధిలో ఎవరికీ లేదు. ఆవిడ క్యాలెండర్‌లో తారీఖులు కాదు, కాపులుంటాయి. సంక్రాంతి వెళ్లాక బియ్యం బస్తాలు దిగుతాయి. అవి వెంటనే వండటానికి కాదు, పాతబడటానికి. కొత్త బియ్యం ముద్దవుతుందని అందరికీ తెలుసు, అయినా నెలనెలా కొట్టుకెళ్లి "పాత బియ్యం ఉన్నాయా" అని అడిగి, వాడు ఏదిస్తే అది పాతదేనని నమ్మి తెచ్చుకుంటాం. మాఘమాసంలో కంది, శివరాత్రి దాటితే చింతపండు. ఉగాది పచ్చడిలో కొత్త చింతపండు పడిందంటే ఆ వారంలోనే జాడీ కడిగి బోర్లిస్తారు.

మిరపకాయ కొనడం చూడాలి ఆవిడ దగ్గర. నన్ను ఒకసారి వెంట తీసుకెళ్లారు. కొట్టువాడు టిక్కీ మూతి విప్పగానే పైకాయ ముట్టుకోరు. మోచేతి దాకా లోపలికి పెట్టి అడుగునుంచి గుప్పెడు తీస్తారు. ఒక కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. గింజ గలగలమంటే సగం పాస్. తర్వాత తొడిమ విరుస్తారు. టప్పుమని విరగాలి, వంగితే తేమ ఉన్నట్టు. తెల్లబడ్డ తాలుకాయలు ఎన్నున్నాయో అరచేతిలోనే లెక్క. అప్పటికి కొట్టువాడికి చెమటలు పడతాయి. తేజా ఒక్కటే కొంటే కడుపులో మంట, అందుకని 334 రకం ఎక్కువ, రంగు కోసం బ్యాడిగి ఓ కిలో. నలుగురున్న ఇంటికి ఆరు కిలోలు, ఆవకాయ కారం విడిగా.

ఇంటికొచ్చాక ఆరు కిలోలూ ఒకేసారి కొట్టించేస్తారనుకుంటే పొరపాటు. తొడిమతోనే రెండు ఎండలు ఇచ్చి, డబ్బాలో పోసి, మూడు నాలుగు నెలలకోసారి రెండేసి కిలోలు మిల్లుకి పంపుతారు. తొడిమ తీస్తే కాయకి కిటికీ తెరిచినట్టేనట. పొడి చేసి ఏడాది ఉంచితే రంగు దిగిపోతుంది, వాసనా పోతుంది. నేను మొదటి ఏడాది మొత్తం కొట్టించి సీసాల్లో నింపుకున్నాను. సంక్రాంతికి నా కారం ఇటుకపొడిలా తయారైంది.

ధర మాటకొస్తే ఒక ముల్లు గుచ్చుకుంటుంది. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయి రైతులు గగ్గోలు పెట్టారు. కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు కట్టింది. అంటే కిలో నూట పద్దెనిమిది లోపే. మా వీధి చివర కొట్లో కారం ప్యాకెట్ మాత్రం పాత ధరకే, ఒక్క రూపాయి కదల్లేదు. ధర పెరిగినప్పుడు ప్యాకెట్‌కి చెవులుంటాయి, పడినప్పుడు చెవుడొస్తుంది. ఆ ఏడు పిన్నిగారు రెండు కిలోలు ఎక్కువే కొన్నారు, బేరం ఆడకుండా. ఆవిడ బేరం ఆడకపోవడం నేను చూసింది అదొక్కసారే.

ఇక నా ఘనకార్యం. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. మన పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్, రష్యాల నుంచే వచ్చేది. టీవీలో ఆ ముక్క విన్నామో లేదో లీటరు రెండొందలకి అటూ ఇటూ వెళ్లింది. ఏప్రిల్ ఆఖర్న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. ఇంకేముంది, ఇక జన్మలో బూరెలు తినలేమనిపించింది నాకు. మావారి మీద కేకలేసి పదిహేను లీటర్ల డబ్బాలు రెండు తెప్పించాను. గోడ మీదుగా చూసిన పిన్నిగారు "పెళ్లేమైనా ఉందా?" అన్నారు, అంతే.

ఇండోనేషియా వాళ్లు నెల తిరక్కుండానే ఆ నిషేధం ఎత్తేశారు. దసరా నాటికి నూనె ధర దిగొచ్చింది. నా రెండో డబ్బా సగానికి వచ్చేసరికి పాత నూనె వాసన, అప్పడం వేయిస్తే గొంతులో గరగర. మూత తీసిన డబ్బా పొయ్యి పక్కన నెలల తరబడి పెడితే ఏమవుతుంది మరి! వేడీ గాలీ వెలుతురూ తగిలితే నూనె పాడైపోతుందని అప్పుడు తెలుసుకున్నాను. మిగిలింది దీపాలకి పోశాను. ఆ కార్తీకంలో మా గుమ్మంలో వెలిగినన్ని దీపాలు గుడి దగ్గరా లేవు.

"కాపు వచ్చినప్పుడు కొనేది సరుకమ్మా. కబురు వచ్చాక కొనేది కంగారు" అన్నారు పిన్నిగారు, నా దీపాలు చూసి.

ఈ కంగారు నా ఒక్కదానిదే కాదని మరుసటేడు తేలింది. 2023 జులై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. మా ఆడపడుచు కూతురు డాలస్‌లో ఉంటుంది. మర్నాడు వీడియో కాల్‌లో ఏడుపు ఒక్కటే తక్కువ. ఇండియన్ స్టోర్ల ముందు బారులు, కుటుంబానికి ఒక సంచీ అని బోర్డులు. అల్లుడు ఒక కొట్లో, పిల్ల ఒక కొట్లో, వాళ్ల స్నేహితుడు ఇంకో కొట్లో నిలబడి ఇరవై పౌన్ల సంచులు తొమ్మిది పోగేశారు. ఇద్దరు మనుషులు, వాళ్లలో ఒకడు రాత్రిపూట చపాతీ! ఆ నిషేధం పోవడానికి ఏడాది దాటింది, 2024 సెప్టెంబరు ఆఖరు. కానీ ఈలోగానే అయిదో సంచిలో ముక్కపురుగులు బయల్దేరాయి. గట్టిగా మూతి కుట్టిన సంచిలోకి పురుగు ఎక్కణ్నుంచి వచ్చిందని ఆ పిల్ల వాదన.

పిన్నిగారు ఫోను నా చేతిలోంచి లాక్కుని జవాబు చెప్పారు. "బయట నుంచి రాలేదు తల్లీ, లోపలే ఉంది. ముక్కపురుగు గింజకి చిల్లి పెట్టి గింజ లోపలే గుడ్డు పెడుతుంది. వేడి తగిలినప్పుడు బయటికొస్తుంది. జల్లించి నీడలో ఆరబెట్టు, ఎండలో పెట్టకు, బియ్యం పగిలి నూకవుతుంది. మీ దేశంలో ఫ్రీజర్లు పెద్దవిగా, నాలుగు రోజులు అందులో పెట్టు. వేపాకు దొరుకుతుందా?" వేపాకు దొరకలేదు, ఫ్రీజర్ దొరికింది. ఇంకో మాట కూడా ఉండబట్టలేక అన్నారు: "బీపీటీ అని మీరు వెతుక్కునే బియ్యం మా పక్కనే బాపట్లలో పుట్టిందమ్మా, ఆ పేరే బాపట్లది." బాపట్ల పరిశోధన కేంద్రం ఇచ్చిన 5204 రకం, సాంబ మసూరి. ఆ గర్వంలో ఆవిడకి వాటా ఉంది, వాళ్ల నాన్నగారిది బాపట్ల దగ్గర పల్లె.

సోల సంగతి చెప్పాలి. 2014లో వానలు సరిగా పడలేదు, 2015లోనూ అంతే. ఆ రెండో ఏడు దసరా దాటేసరికి కందిపప్పు కిలో రెండొందలు. పప్పు లేకుండా మా ఇంట్లో పూట గడవదు, మావారికి ముద్దపప్పు లేని భోజనం భోజనం కాదు. మేం ఈ వీధికి అప్పుడే కొత్తగా వచ్చాం. ఒక సాయంత్రం చుట్టాలు దిగారు, డబ్బాలో చారెడు పప్పు. గోడ దగ్గర నిలబడి నసుగుతుంటే పిన్నిగారే అడిగారు. లోపలికెళ్లి ఇత్తడి సోల నిండా, గోపురం కట్టి మరీ, పప్పు తెచ్చి గోడ మీద పెట్టారు. ఫిబ్రవరిలో కొన్న పప్పు అది. ముట్టుకుంటే అరచేయి నున్నగా అయింది. ఆముదం చేతికి రాసుకుని పప్పుకంతటికీ పట్టించి, ఎండలో పోసి, చల్లారాక డబ్బాకెత్తుతారు. వేడి మీద మూత పెడితే లోపల చెమట పట్టి బూజొస్తుంది. కడిగితే జిడ్డు పోయింది, వండితే వెన్నలా ఉడికింది.

సంక్రాంతికి ఆ బాకీ తీర్చాను. సోల అంచు దాకా పోసి, వేలితో చదును చేసి ఇచ్చాను. పిన్నిగారు ఏమీ అనలేదు. బాబాయిగారే పేపరు వెనక నుంచి, "గోపురం వెళ్లింది, గుడి వచ్చింది" అన్నారు. సిగ్గుతో చచ్చాను.

బాబాయిగారికి ఈ సరుకుల మీద వెటకారం ఎప్పుడూ ఉంది. 2023 జూన్‌లో కంది, మినుముల నిల్వల మీద కేంద్రం పరిమితి పెట్టింది, చిల్లర కొట్టుకి అయిదు టన్నులు, టోకు వర్తకుడికి రెండొందలు. ఆ వార్త గట్టిగా చదివి, "ఏమోయ్, నీ పాతిక కిలోలు రేపే డిక్లేర్ చెయ్యాలి" అన్నారు. "చేస్తా. మీరు తినేది కూడా రాయించుకోమనండి" అని ఆవిడ.

అలాగని అన్నీ దాచుకోమనరు పిన్నిగారు. రవ్వ, గోధుమపిండి, జీడిపప్పు నెల సరుకే. ఉల్లిపాయ మీద ఆవిడ లెక్క వేరు. వేసవిలో వచ్చే రబీ ఉల్లి పొర గట్టిగా ఉంటుంది, గాలి తగిలేలా పరిస్తే నాలుగైదు నెలలు ఆగుతుంది. వానల్లో తీసిన ఖరీఫ్ ఉల్లిలో నీరెక్కువ, వారానికే మొలకో కుళ్లో. పాత ఉల్లి అయిపోయి కొత్తది ఇంకా రాని ఆ సందులోనే ప్రతిసారీ ధర మండేది. 2019 డిసెంబరులో వంద దాటింది. అందుకే ఇప్పుడు పది కిలోలు మేడ మెట్ల కింద పరుస్తారు, వర్షాలొచ్చాక రెండు కిలోలకు మించి కొనరు.

ఇదంతా చేతిలో ఒక్కసారిగా డబ్బున్నవాళ్ల ముచ్చట కదా అని నాకు అనిపించేది. మా ఇంట్లో పనిచేసే నాగలక్ష్మికి నూనె చిన్న ప్యాకెట్, కారం పదిరూపాయల ప్యాకెట్. తూకానికి లెక్కకడితే నాకంటే ఆమే ఎక్కువ ఇస్తోంది. అది చూసిన పిన్నిగారు నెలకి మూడొందలు ఆమె దగ్గర తీసుకుని ఒక పాత హార్లిక్స్ సీసాలో వేస్తారు. ఈ ఏప్రిల్‌కి ఆ డబ్బుతో ఆమె వాటా మిరప, చింతపండు మా వాటాలతో పాటే కొంటున్నాం. చింతపండుకి గింజ తీసి, ఈనెలు లాగి, కళ్లుప్పు చల్లి పొరలుగా జాడీలో తొక్కడం ఆమె పని. తొక్కుతూ ఒక ఎర్ర తునక నోట్లో వేసుకుంటుంది, మాకూ పెడుతుంది. పులిహోరకి ఆ ఎర్రదే. పులుసుకి నిరుటి నల్లది, జాడీ అడుగున ఇంకా ఉంది.

ఆదివారం మా డాబా మీద కాయ పోస్తున్నాం. చేటలు మావి, పట్టా వాళ్లది, కాకుల్ని తోలేది బాబాయిగారు. మీరింకా మిరపకాయలు కొనకపోతే యార్డు మూసేలోగా వెళ్లండి. పైకాయ చూసి మోసపోకండి, అడుగు నుంచి గుప్పెడు తీయించి, ఒకటి చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడండి.