తెర మీది ఆటలో నిజమెంత

హిజ్లీలో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే బంతియే. 1911లో మోహన్‌బగాన్ జట్టు, ఒక్కడు తప్ప తక్కినవారందరూ వట్టికాళ్ళతో ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ సైనికుల జట్టును ఓడించి షీల్డు గెలుచుకొన్న వంగదేశంలో ఆ మాటకు మరొక అర్థం ఉన్నదంటే ఒప్పుకొనేవారు తక్కువ. ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాను నమ్ముకొని శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుండి తరాల క్రిందటనే వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఆ బంతినే తన్నుతూ పెరిగినారు. రెండు కొనలూ మొనదేరిన బంతిని చంకలో ఇరికించుకొని, తలకు శిరస్త్రాణం, భుజాలకు కవచం తొడుగుకొని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ అక్కడి మైదానాల ఆట కాదు. 2012లో హైదరాబాదు మొదలైన నగరాల పేర్లతో జట్లు కూర్చి ఆ ఆటలో ఒక పోటీ నడిపినారు గాని, అది జనం మనస్సులో నాటుకొనలేదు.

కంప్యూటరు ఉన్న చోటికి మాత్రం ఆ ఆట రాకమానదు. విద్యార్థి వసతి గృహంలోనో, రైల్వే క్వార్టరులోని ముందుగదిలోనో కూర్చొన్న యువకుడు, గడ్డి మీద ఒక్కనాడూ చూడని ఆటను తెర మీద ఆడగలడు. ఆ తెర మీది ఆట నిజమైన ఆటవలె ఉండాలని అమెరికాలో దాని అభిమానులు నలభై ఏళ్ళుగా పట్టుబడుతున్నారు. అందులో వింత లేదు. ఆదివారం మధ్యాహ్నం అసలు ఆట చూచి, సాయంకాలం దాని బొమ్మను ఆడేవాడు రెంటినీ ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుకొంటాడు. అసలే చూడని హిజ్లీ యువకునికి ఆ పట్టుదలతో పనేమిటి?

మూలభాష రానివాడు అనువాదంలోని మంచిచెడ్డలు ఎట్లా తేల్చగలడని అడగడం వంటిది ఈ ప్రశ్న. పైకి సబబుగానే కనిపిస్తుంది. కాని మూలం రానివాడే అనువాదాన్ని నిర్దాక్షిణ్యంగా చదువుతాడు. మూలం తెలిసినవాడు లోపించినదాన్ని తన జ్ఞాపకంతో పూరించుకొంటాడు. తెలియనివానికి ఆ వసతి లేదు. వాక్యం తనంత తాను నిలబడకపోతే అతని ముందు పడిపోవలసినదే.

చెడుగుడు ఎరిగిన తెలుగువానికి ఈ ఆట పద్ధతి చెప్పడం కష్టం కాదు. చెడుగుడులో కూతకు వెళ్ళినవాడు ఎదుటివారి బరిలో దూరి, పట్టుబడకుండా గీత చేరుకోవాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి పట్టినవాని స్థితి ఇంచుమించు అదే. ఐతే అతనికి తోడు పదిమంది ఉంటారు, ఎదురు పదకొండుగురు. 100 గజాల మైదానంలో బంతి చేతనున్న జట్టుకు 4 ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు సాగితే మరి నాలుగు లభిస్తాయి. సాగకపోతే బంతి ఎదుటివారి పాలు. ప్రతి ప్రయత్నానికి ముందూ ఆట ఆగుతుంది. ఇరుపక్షాలవారూ వ్యూహం పన్నుకొంటారు. చదరంగంలోని ఆలోచన, చెడుగుడులోని దెబ్బ, రెండూ అందులో ఉన్నాయి.

తెర మీద ఈ ఆటకు ఎంత నిజం ఉండాలన్న మొదటి పెద్ద వాదం రైలుబండిలో జరిగినదంటే రైల్వే పట్టణం వారికి సంతోషం కలుగవచ్చు. జాన్ మాడెన్ 1969 నుండి 1978 వరకు ఓక్లండ్ రైడర్స్ జట్టుకు శిక్షకుడుగా ఉండి, 1977 జనవరిలో దానికి సూపర్ బౌల్ గెలిపించినాడు. తరువాత టెలివిజన్ వ్యాఖ్యాతగా ఇంటింటికీ పరిచితుడైనాడు. విమానమంటే ఆయనకు గిట్టదు. దేశమంతా రైలులోనూ, పిమ్మట బస్సులోనూ తిరిగేవాడు. 1984లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ స్థాపకుడు ట్రిప్ హాకిన్స్ ఆయన పేరుతో ఒక కంప్యూటరు ఆట చేయదలచి, డెన్వర్ నుండి ఓక్లండ్‌కు ఆయనతో కలిసి రైలులో ప్రయాణం చేసినాడు. ఆనాటి ఆపిల్ టూ యంత్రానికి 22 మందిని ఒకేసారి తెర మీద నడిపే శక్తి లేదు. అందుచేత జట్టుకు ఆరుగురో ఏడుగురో చాలునని హాకిన్స్ పక్షం. పదకొండుగురు లేనిది ఫుట్‌బాలే కాదని మాడెన్ తేల్చి చెప్పినాడు. ఆ పట్టుదలకు తగినట్లు యంత్రాన్ని లొంగదీసి ఆటను బయటికి తెచ్చేసరికి 1988 వచ్చినది.

మాడెన్ అడిగినది రూపం కాదని గమనించాలి. ఆ తెర మీద మనుష్యులు చీమలంత; ముఖాలు పోల్చుకొనే ప్రసక్తియే లేదు. ముందు వరుసలో అయిదుగురు గోడవలె అడ్డు నిలువనిదే వెనుక నిలిచి బంతి విసిరేవానికి రెండు మూడు క్షణాల వ్యవధి దొరకదు. ఆ వ్యవధి లేనిదే దూరాన పరుగెత్తేవాడు బంతి అందుకొనే చోటికి చేరడు. నలుగురిని తీసివేస్తే పోయేది నలుగురు కాదు, వారిమధ్య ఉన్న సంబంధాలన్నీ పోతాయి. ఆటను పాఠం చెప్పే సాధనంగా తలచిన శిక్షకుడు దానిని ఒప్పుకొనలేదు.

రూపానికీ పొందికకూ గల ఈ భేదం హిజ్లీలో వేరే నేర్పనక్కరలేదు. 1931లో రాజకీయ ఖైదీలపై కాల్పులు జరిగి ఇద్దరు ప్రాణాలు కోల్పోయిన నిర్బంధ శిబిరపు భవనంలో, ఇరువది ఏళ్ళ తరువాత సాంకేతిక విద్యాసంస్థ తరగతులు మొదలైనవి; 1952లో నౌకానిర్మాణ శాఖ ఏర్పడినది. సముద్రం కనుచూపుమేరలో లేని ఆ ఊరిలో ఓడల నమూనాలను పొడవాటి నీటితొట్టిలో లాగి పరీక్షిస్తారు. నమూనాకు కిటికీలు చెక్కనక్కరలేదు, జెండా కట్టనక్కరలేదు. అది లేపే అల అసలు ఓడ లేపే అలవలె ఉంటే చాలు. పందొమ్మిదవ శతాబ్దంలో విలియం ఫ్రూడ్ అనే ఆంగ్లేయుడు ఇందుకొక సూత్రం నెలకొల్పినాడు. నమూనా పొడవు అసలు ఓడలో 25వ వంతు ఉంటే దాని వేగం 25వ వంతు కారాదు, 5వ వంతు కావాలి. పొడవును కుదించినంతగా వేగాన్నీ కుదించినవాడు తప్పు అలను చూస్తాడు.

తెర మీది ఫుట్‌బాల్‌ను వేధించినది సరిగా ఈ చిక్కే. అసలు ఆటలో 15 నిమిషాల భాగాలు 4. ఆగుతూ సాగుతూ మూడుగంటలు పడుతుంది. ఇంటిలో ఆడేవానికి అంత తీరిక ఉండదు కనుక భాగాన్ని 5 నిమిషాలకు కుదించుకొంటాడు. దానితో ప్రయత్నాల సంఖ్య కూడా దాదాపు మూడవవంతుకు పడిపోతుంది. మూడు గజాలు, నాలుగు గజాలు చొప్పున నెట్టుకొంటూ, ఎదుటివారిని అలసట పెట్టి, చివరి భాగంలో ఫలితం రాబట్టుకొనే ఓర్పరి జట్టుకు ఆ చివరి భాగం వచ్చేలోగానే ఆట ముగిసిపోతుంది. దూరపు విసురులు విసిరే తొందరపాటు మనిషికే గెలుపు. గడ్డి, చెమట, ప్రేక్షకుల కేకలు అన్నీ అచ్చం అసలువలె ఉన్నా అల తప్పినది.

దీనికి విరుగుడుగా ఒక ఏర్పాటు చేసినారు. భాగం నిడివి తగ్గించకుండా, వ్యూహం ఎంచుకొన్న వెంటనే, ఆటగాళ్ళు ఊరక నిలిచి ఉండే సెకనులను గడియారంనుండి ఒక్కసారిగా తుడిచివేస్తారు. ఎన్ని సెకనులు తుడవాలి, భాగం 10 నిమిషాలా, 12 నిమిషాలా అని అభిమానులు చేసే తర్కం బయటివానికి వెర్రిగా తోస్తుంది. మైనపు ఓడలను నీటిలో లాగుతూ అంకెలు వేసుకొనే ఫ్రూడ్‌ను చూచి కూడా ఎవరో నవ్వియే ఉంటారు.

ఇక హిజ్లీ యువకుడు ఆటలోని నిజాన్ని పరీక్షించే స్థలం నాలుగవ ప్రయత్నం. మూడు ప్రయత్నాలు అయిపోయినవి. ఇంకా 2 గజాలు మిగిలినవి. బంతిని దూరంగా తన్ని ఎదుటివారికి అప్పగిస్తే వారు తమ కొనకు దగ్గరగా, కష్టమైన చోట ఆట మొదలుపెట్టాలి. అట్లా కాక సాహసించి ఆ 2 గజాలకు తలపడితే, నెగ్గినచో దారి తెరుచుకొంటుంది. ఓడినచో బంతి ఉన్నచోటనే వారి చేత చిక్కుతుంది. చెడ్డ ఆటలో ఈ సందిగ్ధం ఉండదు. కంప్యూటరు నడిపే ఎదుటిపక్షానికి ఒకే ఒక బలహీనత ఉంటుంది. రెండు సాయంకాలాలలో అది దొరికిపోతుంది. ఆ తరువాత ఎవడూ బంతిని తన్నడు, ప్రతిసారీ తలపడతాడు, ప్రతిసారీ నెగ్గుతాడు. మంచి ఆటలో నిన్న నెగ్గిన ఉపాయాన్ని నేడు ఎదుటివాడు కనిపెట్టి ఉంటాడు. బొత్తాము మీద బొటనవ్రేలు ఒక్కక్షణం ఆగుతుంది. అమెరికా మైదానంలో గడ్డి ఏ రంగులో ఉంటుందో ఎరుగని యువకుడు కూడా తన బొటనవ్రేలు ఆగినదో లేదో ఎరుగును. తప్పు ఎంపికకు తగిన వెల చెల్లించవలసి రావడమే ఆ ఆటలో అతనికి అందే నిజం. అది తెలుసుకోవడానికి అతడు ఓక్లండ్ వెళ్ళనక్కరలేదు.

అట్లని ప్రతి ఆటా త్రాసు పట్టుకొని కూర్చోవాలని కాదు. తోలుబొమ్మలాటలో హనుమంతుడు మేరకు మించి పెరిగినా చూచేవారు తప్పుపట్టరు. 1991 చివర వచ్చిన టెక్మో సూపర్ బౌల్ అనే ఆటలో బో జాక్సన్ పాత్ర ఎవరికీ చిక్కకుండా మైదానమంతా పరుగెత్తేది. నిజమైన జాక్సన్‌కు ఆ సంవత్సరం జనవరిలోనే తుంటి ఎముక దెబ్బతిని ఫుట్‌బాల్ జీవితం ముగిసినది. మనిషి ఆగిపోయినాడు, బొమ్మ పరుగెత్తుతూనే ఉన్నది. ఆ ఆట ఆడినవారు ఇప్పటికీ ఆ పరుగును ప్రేమతో తలచుకొంటారు. ఆ అతిశయోక్తి ఎవరినీ మోసగించలేదు. కాని ఆ తుంటి సంగతి తెర చెప్పలేదు.

లోపలినుండి చూచేవానికి అందనిది ఇదే. ఆటలోని పొందికను హిజ్లీ యువకుడు పసికట్టగలడు. ఆటలో పెట్టకుండా వదిలివేసినదానిని పసికట్టలేడు. 1991లోనే వచ్చిన మరొక మాడెన్ ఆటలో ఎవరైనా గాయపడితే వైద్యశాల బండి మైదానంలోకి దూసుకొని వచ్చి, దారిలో నిలిచినవారిని గ్రుద్ది పడవేసేది. పిల్లలు పగలబడి నవ్వేవారు. తరువాతి ఆటలలో ఆ బండిని తీసివేసినారు. బొమ్మల ముఖాలు ఏటేటా అసలుకు దగ్గరైనవి. దెబ్బల చప్పుడు పెరిగినది. అసలు మైదానంలో జరుగుతున్నది మాత్రం వేరు. పిట్స్‌బర్గ్ జట్టు పాత ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ 2002లో మరణించగా, నైజీరియానుండి వచ్చిన బెనెట్ ఒమాలు అనే వైద్యుడు ఆయన మెదడును పరీక్షించి, తలకు తగిలిన దెబ్బలవల్ల అది క్షీణించిన తీరును 2005లో ప్రకటించినాడు. మాజీ ఆటగాళ్ళు వేలమంది దావాకు దిగగా, 2013లో జాతీయ లీగు 76 కోట్ల 50 లక్షల డాలర్ల ఒడంబడికకు వచ్చినది. ఆ సొమ్ము చాలదేమోనని న్యాయమూర్తి సంశయించడంతో తరువాత ఆ పరిమితినే ఎత్తివేసినారు.

2011లో వచ్చిన మాడెన్ ఆటలో ఒక చిన్న మార్పు చేసినారు. తలకు దెబ్బ తగిలి స్పృహ చెదిరిన ఆటగాడు ఆనాటి ఆటలో మళ్ళీ దిగరాదు. ఎందుకు దిగరాదో వ్యాఖ్యాతల గొంతు చెప్పుతుంది. తన ఉత్తమ ఆటగాడు బయట కూర్చొని ఉండగా, ఓటమి ఎదురుగా కనిపిస్తున్నా, అతనిని పిలిచే బొత్తాము లేదు. ఆటలోకి ఇంతటి నిజం తెచ్చిన మార్పు వేరొకటి అరుదు. ఐనా నొప్పి తెరకెక్కేది కాదు. నీటితొట్టిలో కూడా అంతే. అలను సరిగా కుదించినప్పుడు నీటి ఒరిపిడి సరిగా కుదరదు. రెండూ ఒకే తొట్టిలో పొసగవు. అందుచేత ఒరిపిడి లెక్క వేరుగా కట్టి ఫలితానికి కలుపుతారు. కలపడం మరచినవాని ఓడ సముద్రం మీద ఇంజనుకు మించిన భారమవుతుంది. తెర మీది ఆటకు ఆ వేరు లెక్క ఎవరు కట్టాలో ఇంకా తేలలేదు.

వెల మాట వచ్చినది కనుక మరొక సంగతి. రూపం ఎంత అచ్చంగా దిగితే, అది ఎవరిదన్న ప్రశ్న అంత పదునెక్కుతుంది. 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజిలిస్ జట్టుకు జాతీయ విజయం తెచ్చిన ఎడ్ ఒబానన్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడు, కొన్నేళ్ళ తరువాత మిత్రుని ఇంట ఒక వీడియో ఆటలో తన్ను తానే చూచుకొన్నాడు. అదే 31వ అంకె, అదే మేనిరంగు, అదే ఎడమచేతివాటం. పేరు మాత్రం లేదు. ఆ బొమ్మకు ఆయన సమ్మతి ఎవరూ అడగలేదు, ఆయనకు దమ్మిడీ ముట్టలేదు. 2009లో ఆయన కళాశాలల క్రీడాసంఘం మీద దావా వేసినాడు. ఈ వ్యాజ్యాల ఒత్తిడిలో కళాశాల ఫుట్‌బాల్ ఆటల వరుస 2013తో ఆగిపోయినది. అభిమానులు పదకొండేళ్ళు ఎదురుచూచినారు. 2024 జూలైలో అది తిరిగి వచ్చినప్పుడు, సమ్మతించిన ఒక్కొక్క విద్యార్థికి 600 డాలర్లు, ఆట ప్రతి ఒకటి ఇచ్చినారు. సమ్మతించనివాని స్థానంలో కల్పిత పురుషుడొకడు నిలుస్తాడు. హిజ్లీలో కూర్చొన్న యువకునికి ఆ పేర్లన్నీ సమానంగా కొత్తవే. గోడవలె నిలిచిన అయిదుగురిలో ఎవడు ఒప్పుకొని వచ్చినవాడో, ఎవడు కల్పితుడో అతడు చెప్పలేడు. ఎదురు వచ్చినవానిని ఇద్దరూ ఒకే తీరున అడ్డుకొంటారు.