ఘోషా ఎవరిది?

విజయనగరంలో సర్కారు కాన్పుల ఆసుపత్రిని జనం ఘోషా ఆసుపత్రి అంటూ వచ్చారు. ఘోషా అంటే పరదా. అది మా ఒక్కరిదే కాదు, ఇక్కడి రాచకుటుంబాల ఆడవాళ్లూ పాటించారు. వాళ్లు పాటిస్తే మర్యాద. మేం పాటిస్తే మౌఢ్యం!

మేం వేరే చోట, ఓ నర్సింగ్ హోంలో ఆయాలుగా చేశాం. రాత్రంతా బెడ్‌పాన్లు ఎత్తి, పొద్దున్నే జి.ఎన్.ఎం. క్లాసుకి పరిగెత్తేవాళ్లం. మూడేళ్ల చదువు. వెనకబడ్డ ముస్లింలకు బి.సి.-ఇ కింద 2007లో వచ్చిన 4 శాతం రిజర్వేషనే మాకు సీటిచ్చింది.

"పరాయి మగాళ్ల ఒళ్లు ముట్టుకుంటారా?" అన్నారు ఇంట్లో. ప్రవక్త కాలంలోనే మదీనాలో రుఫైదా గాయపడ్డ సైనికులకు కట్లు కట్టింది కదా అన్నాం. మాట్లాడలేదు.

క్లాసులో తలగుడ్డ తీయమన్నారు. శుభ్రత కోసమట! ఆపరేషన్ థియేటర్లోకి డాక్టరమ్మ కూడా జుట్టు కప్పుకునే వెళ్తుంది కదా అన్నాం. అక్కడా జవాబు లేదు.

ఓ రాత్రి శ్రీకాకుళం వైపు ముసలమ్మ మాలో ఒకామె పేరడిగింది. "తురకోళ్ల పిల్లవా? తెలుగు బాగా మాటాడతన్నావే!"

"మాదీ ఈ ఊరే మామ్మా. ఇంకేం మాటాడతాం?"

ముసలమ్మ నవ్వి చెయ్యి చాపింది. తలగుడ్డతోనే నాడి లెక్కపెట్టాం. లెక్క తప్పలేదు.