లోపలి ప్యాడ్డు ఎవరు చూస్తారు?

కారు వెనక బ్రేకు కాలిపర్ విప్పాక మేస్త్రీ ముందు ప్యాడ్ల జోలికి పోలేదు. కాలిపర్ అటూ ఇటూ జారడానికి ఉండే రెండు పిన్నులనీ ఒక్కొక్కటే వేళ్లతో లాగి చూశాడు. పైది సులువుగా వచ్చింది. కిందిది రాలేదు. రబ్బరు తొడుగు పక్కకి తీసి చూపించాడు. లోపల గ్రీజు ఎండిపోయి, తుప్పుతో కలిసి నల్లగా గట్టిపడి ఉంది. "పట్టేసింది బాబూ. ప్యాడ్డు తప్పేటీ లేదు," అన్నాడు మా మావయ్యతో.

దయాల్‌బంద్‌లో రెండు కార్లు పట్టే రేకుల షెడ్డు అది. బిలాస్‌పూర్ రైల్వే తెలుగువాళ్ల మీద రాయమని మా సంపాదకుడు పంపిస్తే వచ్చి మావయ్య ఇంట్లో దిగాను. రాయడానికి చాలానే ఉంది. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే తర్వాతి కాలంలో వాల్తేరు దాకా పాకింది. ఆ పట్టాల వెంట మన శ్రీకాకుళం, విజయనగరం మనుషులు ఖరగ్‌పూర్‌కీ ఇక్కడికీ వచ్చి గ్యాంగుల్లో, షెడ్లలో, ఇంజన్ల మీద బతుకు వెతుక్కున్నారు. పార్వతీపురం, బొబ్బిలి మీదుగా పోయే కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్ ఇప్పటికీ వాళ్లని ఊరికి చేరుస్తోంది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కి ఈ ఊరే కేంద్రం. ఆ కథనం మరోసారి రాస్తాను. ఈ షెడ్డులో చూసింది ముందు చెప్పాలి.

మావయ్య రిటైరైన లోకో పైలట్. కూతుర్ని చూడ్డానికి కోర్బా వెళ్లి రావడానికని కొత్త కారు కొనుక్కున్నాడు. నాలుగు చక్రాలకీ డిస్కులే, హ్యాండ్ బ్రేకు కూడా మీట నొక్కితే పడే ఎలక్ట్రానిక్ రకం. 28 వేల కిలోమీటర్లకి సర్వీసు సెంటరుకిస్తే వెనక ప్యాడ్లు అయిపోయాయి, డిస్కులతో సహా మార్చాలన్నారట. ఎంత అరిగాయని అడిగితే జవాబు లేదు. వాళ్లిచ్చిన కాయితం మీద "మార్చవలెను" అన్న ఒక్క ముక్కే ఉంది. ఈ షెడ్డుకి వచ్చే దారి పొడుగునా ఆయన గొణుగుతూనే ఉన్నాడు: "పాత కారు ఎనభై వేలు తిరిగినా వెనక బ్రేకు విప్పలేదురా అల్లుడూ. బ్రేకేస్తే బరువంతా ముందుకి వస్తాది. ముందువి సగం ఉండగా వెనకవి ఎలా అయిపోతాయి? మోసం కాకపోతే ఇదేటి?"

ఆయన లెక్క పాత కార్లకి సరిపోతుంది. బ్రేకు వేయగానే కారు ముక్కు కిందికి వంగుతుంది, ముందు చక్రాలే ఎక్కువ భారం మోస్తాయి. వెనక చక్రాలు ముందుగా పట్టేస్తే కారు గిర్రున తిరిగిపోతుంది. అందుకే వెనక్కి పోయే ఒత్తిడిని ఒక వాల్వు పెట్టి తగ్గించేవారు. మన దేశంలో 2019 నుంచి కొత్త కార్లన్నిటికీ చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి. ఆ ఏబీఎస్ సెన్సర్లు ప్రతి చక్రం వేగాన్నీ విడిగా చూస్తుంటాయి కాబట్టి, వెనక చక్రం జారకుండా ఎంత పని చేయగలదో అంతా చేయించుకోవచ్చు. మామూలుగా, మెల్లగా బ్రేకు వేసినప్పుడు వెనక బ్రేకుల వాటా పెరిగింది. మలుపులో కారు అదుపు తప్పబోతే ఒక్కో చక్రాన్ని విడిగా పట్టి నిలబెట్టే ఏర్పాటు కూడా ఈ బ్రేకుల మీదే నడుస్తుంది. పైగా వెనక ప్యాడ్లు పుట్టుకతోనే ముందువాటికంటే పలచన. ముందు చక్రాలు ఎగజిమ్మే బురదా ఇసకా వచ్చి పడేదీ వాటి మీదే. కాబట్టి కొత్త కారులో వెనక ప్యాడ్లు ముందుగా అరగడం చాలాసార్లు మామూలే. మేస్త్రీ ఈ మాటే చెప్పాడు. మావయ్య నమ్మలేదు.

అప్పుడు మేస్త్రీ వాదించడం మానేసి కొలవడం మొదలుపెట్టాడు. ఆ పనిని నేను కళ్లార్పకుండా చూశాను.

నాలుగు ప్యాడ్లూ విప్పి, ఏది ఎక్కడిదో సుద్దముక్కతో వీపున రాశాడు. బ్రష్షుతో దుమ్ము దులిపి, ఇనప రేకుని వదిలేసి రాపిడి పదార్థాన్ని మాత్రమే వెర్నియర్‌తో కొలిచాడు. ఒక్కో ప్యాడ్డుకి పైనా కిందా రెండు చోట్ల పట్టుకున్నాడు, ఏటవాలుగా అరిగితే తెలియాలి కదా. ఎడమ చక్రంలో బయటిది 5 మిల్లీమీటర్లు, లోపలిది 5కి కాస్త తక్కువ. కుడి చక్రంలో బయటిది 6. లోపలిది రెండున్నర. ఈ కారుకి కొత్త వెనక ప్యాడ్డు 9, రెండుకి వస్తే మార్చేయాలి. ఒక పాత నోటుపుస్తకంలో కారు నంబరు కింద ఈ అంకెలన్నీ రాశాడు.

ఆ నాలుగు అంకెల్లో మొత్తం కథ ఉంది. ఎడమవైపు 28 వేల కిలోమీటర్లకి 4 మిల్లీమీటర్లు పోయాయి, అంటే మిల్లీమీటరుకి ఏడు వేలు. మిగిలిన మూడూ ఇంకో ఇరవై వేలు నడిపిస్తాయి. అది ఆరోగ్యమైన అరుగుదల. కుడివైపు లోపలిది ఆరున్నర పోగొట్టుకుంది, పక్కనున్న బయటిది మూడే పోగొట్టుకుంది. పిస్టను నేరుగా నెట్టేది లోపలి ప్యాడ్డుని. కాలిపర్ పిన్నుల మీద జారి వస్తేనే బయటి ప్యాడ్డు కూడా డిస్కుని గట్టిగా పట్టుకుంటుంది, కాలు తీశాక వదులుతుంది. పిన్ను బిగుసుకుంటే లోపలిదే పని చేస్తుంది, వదలకుండా రాసుకుంటూ కూడా ఉంటుంది. రెండువైపులా సమానంగా అరిగితే అది వాడకం, ఒకవైపే అరిగితే అది జబ్బు.

చక్రం చువ్వల సందుల్లోంచి వంగి చూస్తే కనిపించేది బయటి ప్యాడ్డు. ఈ కారులో ఆ కనిపించేది 6 మిల్లీమీటర్లతో అన్నిటికంటే బాగున్న ప్యాడ్డు. అది చూసి పర్వాలేదనుకుని కోర్బా రోడ్డెక్కి, బొగ్గు లారీల మధ్య ఇనుముకి ఇనుము రాసుకునేదాకా తిరిగేవాడు మావయ్య.

తర్వాత డిస్కు. డిస్కు అంచున తుప్పు గట్టు కట్టి ఉంటుంది, వెర్నియర్ ఆ గట్టు మీద కూర్చుని అబద్ధం చెబుతుంది. అందుకని మైక్రోమీటరు తీసి లోపలివైపు నాలుగు చోట్ల పట్టాడు. తొమ్మిదిన్నరకి పైనే వచ్చింది. ఆ డిస్కు మీదే 8 అని కనీస మందం అచ్చు వేసి ఉంది. "ఇది మార్చమన్నోడు దీన్ని సూడలేదు," అన్నాడు, కోపం లేకుండా. నాకు మాత్రం కోపం వచ్చింది. ప్యాడ్ల సంగతిలో ఆ సర్వీసు సెంటరు సగం నిజమే చెప్పింది. కానీ కొలవకుండా చెప్పింది. పిన్ను సంగతి చెప్పనే లేదు. కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కులు వేసి ఆ పిన్నుని అలాగే వదిలేస్తే కుడివైపు లోపలి ప్యాడ్డు మళ్లీ అలాగే పోయేది, మళ్లీ మార్చవలెను అనే కాయితం వచ్చేది.

పక్కన ఒక చిన్న కారు వెనక డ్రమ్ము విప్పి ఉంది. మన చిన్న కార్లలో చాలావాటికి వెనక ఇంకా డ్రమ్ములే. వాటి తీర్పు వేరు: రెండు షూలలో చక్రం తిరిగే దిశలోకి ఒత్తుకునేది ఎక్కువ అరగడం సహజం, కాబట్టి వాటి మధ్య తేడా చూసి కంగారు పడకూడదు. ఎడమ డ్రమ్ముకీ కుడి డ్రమ్ముకీ తేడా ఉంటే, సిలిండరు దగ్గర తడి కనిపిస్తే కంగారు పడాలి. కుర్రాడు గాలి పైపు పట్టుకోబోతే మేస్త్రీ ఆపి తడిగుడ్డ ఇచ్చాడు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ముని గాలితో ఊదితే పోయేది ఊపిరితిత్తుల్లోకే.

మేస్త్రీ తండ్రి ఇక్కడి వ్యాగన్ డిపోలో ఫిట్టరు. "బ్లాకు మీద గేజీ పెట్టకుండా మాటాడితే మా నాన్న ఒప్పుకునేవోడు కాడు," అన్నాడు. ఆ మాట వినగానే మావయ్య ముఖం మారింది. బ్రేక్ పవర్ సర్టిఫికెట్ చేతికి రానిదే ఆయన ఏనాడూ బండి కదపలేదు. ఎన్ని సిలిండర్లు పని చేస్తున్నాయో పరీక్షించి రాసిన కాయితం అది, డ్రైవరుకీ గార్డుకీ ఇచ్చి తీరాలి. ఎల్‌హెచ్‌బీ రకం ప్రయాణికుల పెట్టెల డిస్కు బ్రేకుల్లో ప్యాడ్డు కొత్తప్పుడు 35 మిల్లీమీటర్లు, 7కి వస్తే తీసేస్తారు. ఆ అంకెలు కోచింగ్ డిపోల్లో ఫిట్టర్లకి కంఠతా వచ్చు. ఇన్ని బళ్ల బ్రేకుల్ని కొలిచి రాసే ఊళ్లో, లక్షలు పోసి కొన్న కారు బ్రేకుకి ఒక్క అంకె రాసిచ్చే దిక్కు లేకపోవడం అన్యాయం.

పోతున్నది ఈ కొలిచే అలవాటే. విప్పి, తుడిచి, కొలిచి, పిన్నుకి గ్రీజు పెట్టే పనికి గంటకి పైగా పడుతుంది, దానికి బిల్లులో వరస లేదు. భాగం మారిస్తే బిల్లు పెరుగుతుంది. ఇక ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకున్న కార్లలో పిస్టనుని క్లాంపు పెట్టి వెనక్కి నొక్కకూడదు, లోపలి మోటారూ మరా పాడవుతాయి. ముందు కారుని సర్వీసు మోడ్‌లో పెట్టాలి. కొన్ని కార్లకి అది స్కానరుతోనే కుదురుతుంది. మేస్త్రీ సొంత డబ్బుతో స్కానరు కొన్నాడు గానీ కొన్ని కొత్త మోడళ్లని అది తెరవలేదు. కేంద్ర ప్రభుత్వం 2022లో మరమ్మతు హక్కు పోర్టల్ తెచ్చి, అందులో కార్లనీ చేర్చింది. మంచిదే. ఆ హక్కు దయాల్‌బంద్ షెడ్డుదాకా రావాలంటే కనీస మందం అంకెలూ, సర్వీసు మోడ్ పద్ధతీ ఈ చేతులకి అందాలి.

మావయ్య కారు స్కానరుకి లొంగింది. కుడివైపు రెండు పిన్నులూ, తొడుగులూ కొత్తవి వేశాడు. రెండు వెనక చక్రాలకీ ప్యాడ్లు మార్చాడు, డిస్కులు ఉంచేశాడు. కారు కదిలించేముందు పెడలు గట్టిపడేదాకా నొక్కించాడు. ఊరవతలి దాకా తిప్పి తెచ్చి, రెండు వెనక చక్రాల దగ్గరా తాకకుండా అరచెయ్యి పెట్టి వేడి పోల్చి చూశాడు. సమానంగానే ఉంది.

మీ కారు సర్వీసుకి వెళ్లినప్పుడు వెనక ప్యాడ్లు నాలుగింటి మందం, ఎడమ లోపల, ఎడమ బయట, కుడి లోపల, కుడి బయట, మిల్లీమీటర్లలో జాబ్ కార్డు మీద రాసిమ్మని అడగండి. పక్కనే కిలోమీటర్లు రాయించండి. రాసిచ్చేదాకా మార్చడానికి ఒప్పుకోకండి.