పెళ్లి కాగితం వెనక స్టాంపులు

మొన్న దసరా ముందు బీరువా సర్దుతుంటే పట్టుచీరల అడుగు నుంచి ఒక గోధుమరంగు కవరు బయటపడింది. అందులో మా పెళ్లి సర్టిఫికెట్, పిల్లలిద్దరి పుట్టిన తేదీ సర్టిఫికెట్లు ఉన్నాయి. ఒక్కోదాని వెనక స్టాంపుల మీద స్టాంపులు. వాటి కోసం నేను ఐదు నెలలు తిరిగాను. ఆ కాగితాలతో వెళ్లాల్సిన ఊరికి మాత్రం ఈ రోజుకీ వెళ్లలేదు.

మాది ఆటోనగర్. అంటే లారీల మధ్య కాపురం. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే ఎదురుగా బాడీ లేని చాసిస్ ఒకటి నిలబడి ఉంటుంది. సాయంత్రానికి దానికి చెక్కలు బిగిస్తారు, వారం తిరిగేసరికి రంగులేసి, వెనక నిమ్మకాయలు కట్టేసి పంపించేస్తారు. వెల్డింగ్ చప్పుడు లేకపోతే మా పిల్లలకి నిద్ర పట్టేది కాదు. మా ఆయన బాడీ బిల్డింగ్ షెడ్డులో పని నేర్చుకుని, 2013లో షార్జా వెళ్లారు. అక్కడి ఇండస్ట్రియల్ ఏరియా కూడా మన ఆటోనగర్ లాంటిదేనట, కాకపోతే ఇసుక ఎక్కువ, చెట్లు తక్కువ అనేవారు. రెండేళ్లకోసారి నెల రోజులు వచ్చేవారు. మా బాబు ఆయన్ని చూసి తలుపు వెనక దాక్కున్న సంవత్సరం ఒకటుంది. దాని గురించి ఇప్పుడు రాయను.

2019లో అక్కడి ప్రభుత్వం రూలు మార్చింది. అంతకుముందు భార్యాపిల్లల్ని తెచ్చుకోవాలంటే ఉద్యోగం హోదా కూడా చూసేవారు. వర్క్‌షాపులో పనిచేసేవాళ్లకి ఆ ఆశ ఉండేది కాదు. కొత్త రూలు ప్రకారం నెలకి 4,000 దిర్హాముల జీతం ఉంటే చాలు, లేదంటే 3,000 దిర్హాములూ కంపెనీ ఇచ్చే ఇల్లూ. అప్పటికి మా ఆయన ఫోర్‌మన్ అయ్యారు, జీతం సరిగ్గా ఆ గీత దాటింది. ఫోన్‌లో, "లక్ష్మీ, మీ ముగ్గురూ వచ్చేయండి" అన్నారు. ఆరేళ్లలో ఆయన గొంతు అలా విన్నది అదే మొదలు. వెంటనే, "మన పెళ్లి సర్టిఫికెట్ ఎంబసీ స్టాంపు వేయించి పంపు" అన్నారు.

పెళ్లి సర్టిఫికెట్ ఏంటండీ! మా పెళ్లి 2004 మాఘమాసంలో పామర్రు పక్కన మా పల్లెలో, మా ఇంటి ముందు పందిట్లో అయింది. ఐదొందల మంది భోంచేశారు. దానికి కాగితం కూడా ఉండాలని అప్పుడు ఎవరికీ తట్టలేదు. మన రాష్ట్రంలో పెళ్లిళ్లు తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలని 2002లోనే చట్టం వచ్చిందని నాకు తెలిసింది 2019లో.

సరే, ఇప్పుడు చేయించుకుందామని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళితే అడిగినవి ఇవి: శుభలేఖ, ఇద్దరం కలిసి ఉన్న పెళ్లి ఫొటో, వయసుకి రుజువు, ముగ్గురు సాక్షులు, సంతకాలకి మేమిద్దరం. ఆయన సెప్టెంబరులో పది రోజుల సెలవు పెట్టి వస్తానన్నారు. కానీ మా దగ్గరున్న పెళ్లి ఆల్బమ్‌ని రెండు అద్దె ఇళ్ల కిందటే చెదలు తినేశాయి. శుభలేఖ ఎవరు దాచుకుంటారు? ఉంటే గింటే మా పుట్టింట్లో ఉండాలి.

అక్కడే వచ్చింది చిక్కు. మా అన్నయ్యతో నాకు ఆరేళ్లుగా మాటల్లేవు. నాన్న బతికుండగా పసుపు కుంకుమల కింద నాకు అర ఎకరం అని నలుగురిలో అన్నాడు. కాగితం రాయలేదు. నాన్న పోయిన మరుసటి ఏడు అన్నయ్య ఆ ముక్కతో సహా పొలం అమ్మేశాడు. పిల్లాడికి ఆపరేషన్ అన్నాడు. నిజమే, ఆపరేషన్ జరిగింది కూడా. నాకు కోపం అమ్మినందుకు కాదు, నాకు చెప్పకుండా అమ్మినందుకు. ఆ మాట అనడానికి కూడా నేను ఫోన్ చేయలేదు. రాఖీలకి వెళ్లలేదు, సంక్రాంతికి వెళ్లలేదు.

ఆ ఆగస్టులో ఒకరోజు పిల్లలు స్కూలుకి వెళ్లాక పామర్రు బస్సెక్కాను. ఉయ్యూరు దాటాక రెండు వైపులా ఊడ్చిన చేలు పచ్చగా కనపడుతుంటే దిగిపోయి వెనక్కి వచ్చేద్దామనిపించింది. ఇంటికెళ్లేసరికి వదిన ఒక్కతే ఉంది. "ఆల్బమ్ కావాలి వదినా" అన్నాను, నీళ్లు తాగకుండానే. వదిన ఏమీ అడగలేదు. అటక మీద ట్రంకు పెట్టె దింపింది. ఆల్బమ్ పాత దుప్పట్లో చుట్టి ఉంది, కలరా ఉండలు కూడా వేసి. శుభలేఖలు ఒకటి కాదు, నాలుగు ఉన్నాయి. "మీ అన్నయ్యే పెట్టాడు, ప్రతి ఏడాదీ ఎండలో పెడతాడు" అంది. నేనేమీ మాట్లాడలేదు. జీలకర్ర బెల్లం ఫొటోలో నా వెనక నిలబడి, తలంబ్రాల పళ్లెం పట్టుకుని, మీసాలు కూడా సరిగా రాని అన్నయ్య ఉన్నాడు.

ఇక పేర్ల సంగతి. ఇది చదివే ఆడవాళ్లలో సగం మందికి ఈ కష్టం తెలిసే ఉంటుంది. శుభలేఖలో నేను చి.ల.సౌ. వెంకట నాగలక్ష్మి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ముందు ఇంటిపేరు ఒక్క అక్షరం, తర్వాత వి.ఎన్. లక్ష్మి. ఆధార్‌లో నాగలక్ష్మి. పాస్‌పోర్టులో మా ఆయన ఇంటిపేరుతో వెంకట నాగలక్ష్మి. అందులోనూ లక్ష్మి ఒకచోట కేఎస్‌హెచ్, ఇంకోచోట ఎక్స్. మనకి చెవికి ఒకటే, కంప్యూటర్‌కి ఇద్దరు మనుషులు. ఈ పేర్లన్నీ నావేనని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాను. నన్ను నేనే అని స్టాంపు పేపర్ మీద రాసి సంతకం పెట్టడం చిత్రంగా అనిపించింది. పెళ్లి సర్టిఫికెట్‌లో మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లు పోకుండా ఉండాలని పట్టుబట్టి రాయించాను. మీకెవరికైనా ఈ పని పడితే ముందు ఈ ఒక్కటీ చూసుకోండి. తర్వాత దిద్దించుకోవడం నరకం.

పాప సర్టిఫికెట్‌లో ఇంకో తమాషా. 2006లో పుట్టిన దానికి తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ అన్నీ ఉన్నాయి, పాప పేరు దగ్గర ఖాళీ. పురుడు రాసేనాటికి బారసాల కాలేదు కదా, పేరెక్కడిది! తర్వాత చేర్పించాలని మాకు తెలీదు. పదిహేనేళ్ల లోపు చేర్పించవచ్చు కాబట్టి బతికిపోయాం, పాపకి అప్పటికి పదమూడు. బాబుది అన్నీ సరిగానే ఉంది కానీ మా ఆయన ముచ్చటపడి లామినేషన్ చేయించారు. ప్లాస్టిక్ మీద స్టాంపు ఎక్కడ వేస్తారు? మీసేవలో కొత్త కాపీ తీసుకోవాల్సి వచ్చింది.

సెప్టెంబరులో రిజిస్ట్రేషన్ రోజు. సాక్షులుగా ఇద్దరు మా ఆయన పాత షెడ్డువాళ్లు వచ్చారు, చేతులకి గ్రీజు మరకలతోనే. మూడో మనిషిగా మేడ మీద మామ్మగారిని అనుకున్నాం. ఆవిడకి ఆ రోజు జ్వరం. ఏం చేయాలా అని నేను ఆఫీసు మెట్ల మీద నిలబడి ఉంటే అన్నయ్య కనపడ్డాడు. వదిన చెప్పిందట. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని, ఆధార్ జిరాక్స్ తెచ్చుకుని వచ్చాడు. "నువ్వు పిలవలేదు, నేనే వచ్చాను" అన్నాడు. మా ఆయన వెళ్లి చేయి పట్టుకున్నారు. నేను ఫైలులో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

ఆ తర్వాతది ఏజెంటు పర్వం. దారి ఇదీ: ముందు రాష్ట్ర ప్రభుత్వం అటెస్ట్ చేయాలి. తర్వాత కేంద్రంలో విదేశాంగ శాఖ. ఆపైన ఢిల్లీ చాణక్యపురిలోని యూఏఈ ఎంబసీ. అక్కడికి వెళ్లాక షార్జాలో వాళ్ల విదేశాంగ శాఖ స్టాంపు, దాన్ని మోఫా అంటారు. విదేశాంగ శాఖ 2012 నుంచి మన చేతి కాగితాలు నేరుగా తీసుకోదు, వాళ్లు నియమించిన ఏజెన్సీల ద్వారానే. 2019 జనవరి నుంచి ఈ పని ఢిల్లీలోనే కాక హైదరాబాద్ లాంటి ఊళ్లలో కూడా మొదలుపెట్టారు. ఇవన్నీ తర్వాత తెలుసుకున్నవి. అప్పుడు నాకు తెలిసిందల్లా, ఒక ఏజెంటు మూడు కాగితాలకి ఇరవై ఎనిమిది వేలు, ఇరవై రోజులు అన్నాడని. గాజులు బ్యాంకులో పెట్టి కట్టాను.

అదే రోజుల్లో మా పక్కింటమ్మాయి భర్త దగ్గరికి మస్కట్ వెళ్లింది. ఆమె కాగితానికి విదేశాంగ శాఖ అపోస్టిల్ అని ఒక స్టిక్కర్ అంటించింది, దాని ఫీజు యాభై రూపాయలు, ఎంబసీ ఊసే లేదు. నాకు ఒళ్లు మండింది. ఏజెంటు నన్ను మోసం చేస్తున్నాడనుకున్నాను. కాదట. 1961లో హేగ్‌లో ఒక ఒప్పందం రాసుకున్నారు. అందులో ఉన్న దేశాలకి ఆ ఒక్క స్టిక్కర్ చాలు. మన దేశంలో అది 2005 నుంచి అమల్లో ఉంది, ఒమన్‌కి 2012 నుంచి. సౌదీ కూడా 2022 చివర్లో చేరింది. యూఏఈ, కువైట్, ఖతార్ అందులో లేవు, కాబట్టి వాటికి ఎంబసీ గుమ్మం ఎక్కాల్సిందే. ఏజెంటు మోసం అందులో లేదు, వేరేచోట ఉంది.

ఇరవై రోజులు నలభై అయ్యాయి. ఫోన్ చేస్తే ఎంబసీలో సెలవులంటాడు, ఇంకోసారి కొరియర్ అంటాడు, మరోసారి ఇంకో ఆరు వేలంటాడు. నాకు భయం డబ్బు గురించి కాదు. ఒరిజినల్స్ మూడూ అతని దగ్గరే ఉన్నాయి. రాత్రిళ్లు లేచి కూర్చునేదాన్ని. షార్జా నుంచి మా ఆయన, "నువ్వేం గట్టిగా అడగలేవు" అన్నారు ఒకసారి. ఆ మాటకి రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

మూడో రోజు అన్నయ్యకి చేశాను. ఆరేళ్లలో నేను చేసిన మొదటి ఫోన్ అది. ఏమీ అడగలేదు, "రేపు పదింటికి" అన్నాడు. ఇద్దరం ఏజెంటు ఆఫీసుకి వెళ్లాం. అన్నయ్య అరుస్తాడేమోనని నాకు గుండె దడ. అరవలేదు. స్టూలు లాక్కుని గుమ్మంలో కూర్చున్నాడు. "మా చెల్లి కాగితాలు వచ్చేదాకా ఉంటానండి, నాకేం పనిలేదు, పొలం అమ్మేశాను" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. మధ్యాహ్నం ఇద్దరం అక్కడే నేను తెచ్చిన పులిహోర తిన్నాం. వచ్చే పోయే జనమంతా మమ్మల్ని చూస్తున్నారు. మూడింటికి ఏజెంటు ఎవరికో ఫోన్ చేశాడు. తీరా చూస్తే కాగితాలు ఢిల్లీ దాకా వెళ్లనే లేదు, రాష్ట్రం స్టాంపు పడి హైదరాబాద్‌లో ఎవరి బల్ల సొరుగులోనో ఉన్నాయి.

తిరుగు దారిలో బెంజి సర్కిల్ దగ్గర ఆటో కోసం నిలబడినప్పుడు అన్నయ్య, "నీకు చెప్పి అమ్మాల్సింది. నువ్వు వద్దంటే పిల్లాడి ఆపరేషన్ ఆగిపోతుందని చెప్పలేదు" అన్నాడు. "నేను వద్దనేదాన్నా?" అన్నాను. "అనవు. అప్పుడు తెలీలేదు" అన్నాడు. అంతే. పొలం గురించి మేమిద్దరం మాట్లాడింది ఆ రెండు ముక్కలే.

2020 జనవరి చివర్లో కవరు చేతికొచ్చింది. ఎంబసీ స్టాంపు చూస్తే దేవుడి పటంలా కళ్లకద్దుకున్నాను. తర్వాత తీరుబడిగా కూర్చుని అన్నీ చదివించాను పాపతో. అప్పుడు అర్థమైంది, ఏ స్టాంపూ మా పెళ్లి జరిగిందని చెప్పడం లేదు. రాష్ట్రం వాళ్లు రిజిస్ట్రార్ సంతకం నిజమేనన్నారు. విదేశాంగ శాఖ వాళ్లు రాష్ట్రం వాళ్ల సంతకం నిజమేనన్నారు. ఎంబసీ వాళ్లు విదేశాంగ శాఖ స్టాంపు నిజమేనన్నారు. పెళ్లి చూశామని సంతకం పెట్టింది ఆ ముగ్గురు సాక్షులే. వాళ్లలోనూ పందిట్లో నిజంగా ఉన్నది మా అన్నయ్య ఒక్కడే. మిగతా ఇద్దరికీ మా ఆయన పరిచయమైందే 2007లో. ఈ మాట ఎక్కడా అనకండి.

పిల్లల పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో వెళదామనుకున్నాం. పాప స్నేహితురాళ్లకి వీడ్కోలు కార్డులు కూడా రాసేసింది. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. మే నెలకి వాళ్ల వర్క్‌షాపులో సగం మందిని తీసేశారు. మా ఆయన ఆ ఏడాది జులైలో వందే భారత్ విమానంలో వచ్చి, క్వారంటైన్ ముగించుకుని, ఒక సూట్‌కేసుతో ఆటో దిగారు. బాబు ఈసారి తలుపు వెనక దాక్కోలేదు. మళ్లీ ఆటోనగర్ షెడ్డులోనే చేరారు, జీతం అక్కడి దానిలో సగం కూడా కాదు. గాజులు విడిపించడానికి రెండేళ్లు పట్టింది. ఆయన మాత్రం, "మీరు రావాలనుకున్నారు, నేనే వచ్చాను" అని అప్పుడప్పుడు జోకేస్తారు. ఒక్కోసారి ఆ జోకుకి నవ్వరు కూడా.

మొన్న కవరు తీసినప్పుడు పాప పక్కనే ఉంది. ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. వాళ్ల సీనియర్లు కువైట్ వెళ్లడానికి కాగితాలు రెడీ చేసుకుంటున్నారట. వాళ్లలో ఒకమ్మాయి సర్టిఫికెట్ ఎవరో ఏజెంటు దగ్గర ఇరుక్కుందట. "అమ్మా, మావయ్యని ఒకసారి పంపిద్దామా, స్టూలేసుకుని కూర్చోడానికి?" అంది. ఫోన్ చేసి చెబితే అన్నయ్య సీరియస్‌గా, "ఏ రోజో చెప్పమను, పులిహోర మాత్రం నువ్వే చెయ్యాలి" అన్నాడు.