ఎవరూ అడగని ఆటలు

ధర వేరు, విలువ వేరు. ఈ రెండింటికీ చుట్టరికం ఉన్న మాట నిజమే గాని, అది దూరపు చుట్టరికం. పాత పుస్తకాల వేటలో కాలం గడిపినవారికి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. పాతకాలపు వీడియో ఆటలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుందని ఈ ఏడెనిమిదేళ్ళలో నాకు బోధపడింది. తెలుగు పండితుడికి వీడియో ఆటలతో ఏమి పని అని చదువరులు ముక్కున వేలు వేసుకోవచ్చు. వేసుకొన్న వేలిని కాసేపు దించి చివరిదాకా చదవవలసినదిగా మనవి.

పాత ఆటలు కూడబెట్టడం శ్రీమంతుల వ్యసనమని లోకంలో ఒక అభిప్రాయం ఉంది. దానికి కారణం లేకపోలేదు. 2021 జూలైలో అమెరికాలోని హెరిటేజ్ వేలంశాలలో ‘సూపర్ మారియో 64’ అనే ఆట ప్రతి ఒకటి 15 లక్షల 60 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. నిజానికి ఆ ఆట దొరకనిదేమీ కాదు. 1996లో వెలువడి, కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయిన ఆట అది. అంత సొమ్ము పలికింది ఆటకు కాదు, పాతికేళ్ళుగా ఎవరూ విప్పకుండా పెట్టెను చుట్టుకొని ఉన్న పలుచని ప్లాస్టిక్ పొరకు. పొర విప్పితే ధర పడిపోతుంది, విప్పకపోతే ఆడడం కుదరదు. చదవని పుస్తకానికే ఎక్కువ వెల కట్టినట్టుంది ఈ న్యాయం. ఇటువంటి వార్తలు చదివి, ‘మనకెందుకులే’ అని వెనుదిరిగేవారు చాలామంది. అయితే ఆడడానికి కొనేవాడి లోకం వేరు. ఆ లోకం ఇప్పటికీ కారుచౌకగానే ఉంది.

మా అబ్బాయి ఉద్యోగానికి వెళుతూ వదలిపోయిన ప్లేస్టేషన్ 2 యంత్రం మా ఇంటి అటకపై ఉండేది. సెలవులకు వచ్చిన మనుమడి కోసం దానిని దించాను. సెలవులు ముగిసి మనుమడు వెళ్ళిపోయాడు గాని, యంత్రం మాత్రం మళ్ళీ అటకెక్కలేదు. పింఛను మీద బతికేవాడిని గనుక ఒక నియమం పెట్టుకొన్నాను. ఏ ఆటకూ రెండు వందల రూపాయలకు మించి ఇవ్వరాదు. ఆ నియమమే నాకు గురువైంది. డబ్బున్నవాడు పేరున్న ఆట వెంట పోతాడు. లేనివాడు పేరు వినని ఆటను చేత పట్టుకొని, ఇదేమిటో చూద్దామనుకోక తప్పదు. అలా చూసినవాటిలోనే నాకు మణులు దొరికాయి.

హైదరాబాదులో ఆదివారంనాడు అబిడ్స్ కాలిబాటల మీద పాత పుస్తకాలు పరచి అమ్ముతారన్నది అందరూ ఎరిగినదే. ఎర్రగడ్డలోనూ ఆదివారపు అంగడి ఉంది. అక్కడ దొరకని పాత వస్తువు ఉండదు. పాడైపోయిన రిమోటులు, చార్జర్లు, తీగల ఉండల నడుమ అట్టపెట్టెలో ఆటల డిస్కులు పడి ఉంటాయి. మొదటిసారి నేను వంగి ఒక్కొక్కటే తీసి చూస్తుంటే, అంగడివాడు జాలిపడ్డాడు. “గవి ఎవ్వలడ్గరు సార్, మొత్తం తీస్కపోండ్రి, ఎంతో గంత ఇయ్యుండ్రి” అన్నాడు. ఎవ్వరూ అడగరన్న మాట ఆనాటినుండి నా చెవిలో నిలిచిపోయింది. ఎందుకడగరు అన్న ప్రశ్నకు సమాధానం వెదికితే, దేనిని కొనవచ్చునో దానంతటదే తెలిసివచ్చింది.

మొదటి కారణం విస్తారంగా దొరకడం. ప్లేస్టేషన్ 2 యంత్రం 2000లో వెలువడింది. 2013 ఆరంభంలో తయారీ ఆగిపోయేనాటికి 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. ఇంటింటా ఉన్న వస్తువును ఎవరూ అపురూపంగా చూడరు. పైగా ధరలో సగభాగం బాల్యస్మృతికి చెల్లించే సుంకం. ఎవరి చిన్ననాడు ఏ యంత్రం ఉంటే, వారు సంపాదనపరులైన తరువాత దాని వెల పెరుగుతుంది. ఆ తరం చేతికి డబ్బు రాకమునుపే కొనిపెట్టుకొన్నవాడు తెలివైనవాడు.

రెండవది పునర్ముద్రణ. బాగా అమ్ముడుపోయిన ఆటలను ఐరోపా తదితర ప్రాంతాలలో ‘ప్లాటినం’ అన్న పేరుతో, వెండిరంగు అట్టతో తగ్గింపు ధరకు మళ్ళీ విడుదల చేసేవారు. లోపలి ఆట అదే. సంగ్రాహకులు మాత్రం మొదటి ముద్రణ కావాలంటారు, వెండి అట్టను వద్దంటారు. చదువుకొనేవాడికి ఎనిమిదవ ముద్రణ అయితేనేమి, మొదటిదైతేనేమి?

మూడవది ప్రాంతభేదం. మన దేశపు ప్లేస్టేషన్ 2 ఐరోపావారి ‘పాల్’ పద్ధతిని అనుసరించినది. అమెరికా డిస్కు దీనిలో ఆడదు, దీని డిస్కు అమెరికా యంత్రంలో ఆడదు. అందువలన మన డిస్కులకు అక్కడి ధనవంతుల పోటీ తక్కువ.

నాలుగవది అపకీర్తి. సినిమా పేరు పెట్టుకొని వచ్చిన ఆటలు, ఏటేటా కొత్త అంకె తగిలించుకొని వచ్చే క్రీడల ఆటలు, పత్రికలు రెండు వాక్యాలలో తీసిపారేసిన ఆటలు ఈ కోవలోనివి. వీటిలో తొంభై పాళ్ళు నిజంగానే తాలు. కాని తూర్పారబట్టితేనే కదా గింజ దొరికేది!

కొనేముందు డిస్కును వెనక్కి తిప్పి వెలుతురులో చూడాలి. మొదటి ప్లేస్టేషన్ డిస్కు అడుగు నల్లగా ఉంటుంది. రెండవ ప్లేస్టేషన్‌లో సీడీగా వచ్చిన ఆటల అడుగు నీలం, డీవీడీగా వచ్చినవాటిది వెండిరంగు. ఊదారంగు ఛాయ కనబడితే అది ఇంట్లో తీసిన నకలని అనుమానించాలి. పాల్ డిస్కుల మీద ఎస్‌సీఈఎస్ అని గాని ఎస్‌ఎల్‌ఈఎస్ అని గాని మొదలయ్యే సంఖ్య ఉంటుంది. పెట్టె వీపు మీది సంఖ్యతో అది సరిపోవాలి. లేకుంటే పెట్టె ఒకరిది, డిస్కు ఒకరిది అన్నమాట. మధ్యనుండి అంచువైపుగా సాగే గీత కంటే, వలయంగా తిరిగే గీత ప్రమాదకరం. తుడిచేటప్పుడు కూడా మెత్తని గుడ్డతో నడుమనుండి బయటికి తుడవాలే గాని, పళ్ళెం తోమినట్టు గుండ్రంగా తోమరాదు.

ఇలా దొరికినవాటిలో ‘ఇకో’ ఒకటి. 2001 నాటి జపాన్ ఆట. ఫుమితో ఉయేదా దీని రూపకర్త. ఐరోపా ప్రతి అట్ట మీది చిత్రం కూడా ఆయన గీసినదే. ఇటలీ చిత్రకారుడు జోర్జో దె కిరికో ఛాయలు అందులో కనబడతాయి. అట్ట మీద కారు లేదు, తుపాకి లేదు, క్రికెట్టు బ్యాటు లేదు. అందుకే అంగట్లో అది ఎవరికీ పట్టలేదు. కథ చిన్నది. కొమ్ములతో పుట్టినందుకు ఒక బాలుడిని ఊరివాళ్ళు పాడుబడిన కోటలో వదిలివేస్తారు. అక్కడ బందీగా ఉన్న యోర్దా అనే బాలికను అతడు చేయి పట్టుకొని బయటికి నడిపించాలి. మీట నొక్కి పట్టినంతసేపే ఆ చేయి అతడి చేతిలో ఉంటుంది. వదిలితే ఆమె ఆగిపోతుంది.

ఆ బాలిక భాష వేరు. ఆమె మాట్లాడినప్పుడు తెర మీద కనబడేది మనకు తెలియని చిత్రలిపి. జీవితమంతా అక్షరాలు దిద్దించినవాడిని, ఒక్క అక్షరం కూడబలుక్కోలేక ఆ లిపి ముందు కూర్చున్నాను. బడిలో మొదటిరోజు పలకలోకి చూసే పిల్లవాడి మనఃస్థితి నాకు అరవైయవ పడిలో తెలిసింది. ఒకసారి ఆట ముగించి రెండవసారి మొదలుపెడితే, జపాన్ ప్రతిలోనూ ఐరోపా ప్రతిలోనూ ఆమె మాటలు చదవగలిగిన భాషలో కనబడతాయి. అమెరికావారి తొలి ప్రతిలో ఆ వసతి లేదు. అక్కడివారు చిన్నచూపు చూసే పాల్ డిస్కులో ఆ బాలిక ఏమన్నదో ఉంది. నేను దానికి ఇచ్చినది నూట యాభై రూపాయలు.

ఇంతవరకు చెప్పినది పరదేశపు సొమ్ము. ఇక మన ఇంటి సంగతి.

2009లో ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే ఆట వెలువడింది. భారతదేశంలోనే పూర్తిగా రూపొంది ప్లేస్టేషన్ యంత్రానికి వచ్చిన మొదటి ఆటగా దానిని పేర్కొంటారు. దానిని తయారుచేసింది హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్. అదే సంవత్సరం ‘దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా’ వచ్చింది. అది కూడా హైదరాబాదు సంస్థయైన గేమ్‌శాస్త్ర పని. అందులో గాలిపటాలు, కబడ్డీ, గిల్లీదండ వంటి మన ఆటలున్నాయి. కోస్తాలో బిళ్ళంగోడు అనీ, తెలంగాణలో చిర్రగోనె అనీ పిలుచుకొనే ఆట జపాన్ యంత్రంలోకి ఎక్కిందంటే, భాషావిషయాలు బోధించినవాడిగా నాకు ఒళ్ళు పులకరించింది.

అవి గొప్ప ఆటలని నేను వాదించబోవడం లేదు. ‘హనుమాన్’ను విమర్శకులు మెచ్చలేదు. అమెరికాలోని హిందూ ప్రముఖులు కొందరు, దేవుణ్ణి మీటలు నొక్కి ఆడించడం అపచారమనీ, దానిని ఉపసంహరించాలనీ 2009లోనే కోరారు. వారి భక్తిని నేను శంకించను. కాని మన తోలుబొమ్మలాటలో హనుమంతుణ్ణి కర్రపుల్లలతో ఆడించడం తరతరాలుగా ఉన్నదే. ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంటలో ఆ బొమ్మలు చేసే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. బొమ్మను ఆడించేవాడు దేవుణ్ణి కించపరుస్తున్నాడని ఏ పల్లెలోనూ ఎవరూ అనలేదు. లంకాదహనం వచ్చేసరికి ఆ పుల్లలు పట్టిన చేతులకే దండం పెట్టారు. పుల్ల పోయి మీట వచ్చింది, అంతే కదా!

మనుమడు మళ్ళీ వచ్చినప్పుడు ‘హనుమాన్’ పెట్టి చూపించాను. “తాతయ్యా, ఇది నిజంగా మన హైదరాబాద్‌లో చేశారా?” అని మూడుసార్లు అడిగాడు. ఆట బాగుందా లేదా అన్నది వాడి ప్రశ్న కాదు. ఆటలు చేసేవారు మన వీధుల్లో కూడా ఉంటారని వాడికి అంతవరకు తెలియదు.

ఈ డిస్కుల మీద నాకింత బెంగ ఎందుకంటే, వీటిని దాచవలసిన బాధ్యత మన దేశంలో చట్టరీత్యా ఎవరికీ లేదు. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్తలు ప్రతి పుస్తకాన్నీ కొలకతాలోని జాతీయ గ్రంథాలయానికీ మరికొన్ని గ్రంథాలయాలకూ పంపాలి. తరువాత వార్తాపత్రికలనూ అందులో చేర్చారు. వీడియో ఆటల ఊసు లేదు. జపాన్ జాతీయ గ్రంథాలయం 2000 నుండే డిస్కుల రూపంలోని ప్రచురణలతోపాటు ఆటలనూ స్వీకరిస్తున్నది. ఆటల చరిత్ర కోసం పనిచేసే ఒక అమెరికా సంస్థ 2023లో లెక్క తీస్తే, 2010కి పూర్వం ఆ దేశంలో వెలువడిన ఆటలలో 87 శాతం నేడు అంగట్లో కొనడానికి లేవని తేలింది. అంత పెద్ద విపణి గల దేశపు స్థితే అది. ఇక ఎవరూ లెక్కయినా తీయని మన ఆటల గతి ఏమిటి?

నన్నెచోడుని కుమారసంభవాన్ని 1909లో మానవల్లి రామకృష్ణకవి ప్రకటించేవరకు తెలుగులోకం ఆ కావ్యాన్ని మరచిపోయి ఉన్నది. ఎవరూ అడగని తాళపత్రాన్ని ఎవరో ఒకరు పారవేయకుండా ఉంచబట్టే అది ఆయన చేతికి అందింది. ఆ కావ్యంతో ఈ ఆటలకు సాటి చెప్పడం నా ఉద్దేశం కాదు. మంచిదో చెడ్డదో తేల్చడానికైనా ముందు వస్తువు మిగలాలి. గొప్పవాటిని లోకం తానే దాచుకొంటుంది. చౌకవాటిని దాచేది వాటిని చౌకగా కొనుక్కొన్నవాడే.

కనుక చదువరులకు నా మనవి. మీ ఇంటి అటక మీదనో, పిల్లలు వదలిపోయిన బీరువాలోనో ఇటువంటి డిస్కులు ఉంటే, పాత సామాను కొనేవాడికి తూకానికి వేయకండి. ముఖ్యంగా మన దేశంలో తయారైనవి కనబడితే ఒకసారి తుడిచి, పేరు రాసి పెట్టండి. కొనాలనుకొనేవారు పెద్ద పేర్ల జోలికి పోకుండా, అంగడివాడు పక్కకు నెట్టిన పెట్టెనుండి మొదలుపెట్టండి.

నేను బడి గ్రంథాలయపు అలవాటు కొద్దీ ఒక నోటుపుస్తకంలో పట్టిక గీసుకొన్నాను. ఆట పేరు, వెలువడిన సంవత్సరం, తయారుచేసినవారు, తయారైన ఊరు, నేనిచ్చిన వెల అని అయిదు గడులు. ఇప్పటికి నూట పన్నెండు ఆటలు చేరాయి. ఊరి గడిలో ఎక్కువగా టోక్యో, ఒసాకా, లండన్ ఉన్నాయి. రెండు వరుసల్లో మాత్రం హైదరాబాదు అని రాసుకొన్నాను. ఆ రెండింటికీ కలిపి నేనిచ్చినది తొంభై రూపాయలు.