మోచేతి పైన గాజులు

చార్టును నులకమంచం మీద పరిచాను. డెబ్బై దాటిన ఆ పెద్దమనిషి కళ్లద్దాలు సవరించుకుని, బొమ్మను చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి అడిగాడు.

"ఈ పిల్ల ఎందుకు ఎగురుతాంది బిడ్డా?"

జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఒక లంబాడీ తండా అది. నేను బొమ్మలు గీసి బతికేదాన్ని. గర్భిణులు ఏం తినాలో, ఎప్పుడు పరీక్షలకు వెళ్లాలో చెప్పే చార్టు ఒకటి తండాల అంగన్‌వాడీ గోడలకు పెట్టాలని ఒక స్వచ్ఛంద సంస్థ పని అప్పగించింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాలకూ ఒకటే చార్టు. పాతదాన్ని చేతికిచ్చి, "ఇలాగే, కొంచెం కొత్తగా" అన్నారు. పాత చార్టులో అద్దాల లంగా కట్టిన ఆడమనిషి ఒక చెయ్యి పైకెత్తి, నడుం తిప్పి నిలబడి ఉంది. ఆమె వెనక మొగుడు. అతని చేతిలో సీసా.

"కడుపుతోటి ఉన్న పిల్ల గిట్ల ఎగురుతదా? మేం తెల్లారి లేస్తే ఎగురుకుంటనే ఉంటమా?" పెద్దాయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. వేలు సీసా మీదికి జరిగింది. "ఈని చేతుల ఇది ఎందుకు పెట్టిన్రు? సారా మా తండలనే తాగుతున్నరా? మీ ఊర్ల గోడలకు గూడ గిట్లనే రాస్తరా?"

రాయరు. మా ఊళ్లో తాగేవాళ్లు ఉన్నారు. మా ఊరి అంగన్‌వాడీ గోడ మీద మాత్రం సీసా లేదు. ఆ మాట ఆయనతో ఒప్పుకున్నాను. మూడు జిల్లాలూ తిరిగేదాకా తుది బొమ్మ గీయనని ఆ రోజే అనుకున్నాను.

లంబాడీలు, అంటే బంజారాలు, తమను తాము గోర్ అని పిలుచుకుంటారు. బయటివాళ్లం కోర్. వాళ్ల గోర్‌బోలి రాజస్థానీ భాషల కుటుంబానికి చెందినది. దానికి సొంత లిపి లేదు. ఒకప్పుడు ఎద్దుల మందల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగిన జాతి. దక్కనులో ఏ సైన్యం కదిలినా వెనక వీళ్ల బిడారు కదిలేది. టిప్పు సుల్తాను మీద యుద్ధానికి వెళ్లిన ఇంగ్లీషు దండుకు గింజలు చేరవేసినవాళ్లలో బంజారాలు ఉన్నారు. అవసరం తీరాక అదే పాలన 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. తిరుగుతూ బతికే ఎన్నో జాతుల్లాగే బంజారాల గుంపులూ ఆ జాబితాలకెక్కాయి. బిడ్డ పుట్టకముందే వాడు దొంగ అని కాగితం మీద రాసిపెట్టిన చట్టం అది. 1952లో దాన్ని రద్దు చేశారు. ఆ మాట మాత్రం జనం నోట్లోంచి పోలేదు. నిజాం ఏలుబడిలో లంబాడీల సంచారం ఎలా కట్టుబడిపోయిందో, వాళ్లను నేరస్థులుగా ఎలా చూశారో చరిత్రకారుడు భంగ్యా భూక్యా తన పరిశోధనలో వివరంగా రాశారు. అది చదివే బయల్దేరాను. పెద్దాయన మంచం దగ్గర కూర్చున్నాక గానీ ఆ చదువు ఒంటికి తగల్లేదు.

ఆయన నన్ను ఊరికే పంపలేదు. ధర్మాపురం వైపు చెయ్యి చూపించి జాటోతు ఠానూ నాయక్ కథ మొదలుపెట్టాడు. 1946లో దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు నేలకొరిగిన కడవెండి ఈ మండలంలోదే. చాకలి ఐలమ్మ పాలకుర్తి పక్కనే. ఆ పేర్లు నాకు బడి నుంచీ తెలుసు. విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం నిలబడి ప్రాణమిచ్చిన ఠానూ నాయక్ పేరు మాత్రం ఈ మంచం మీదే వివరంగా విన్నాను. "మా మీద దొంగలని రాసిన్రు, ఎగిరేటోళ్లని సినిమా తీసిన్రు, సారా కాస్తరని పేపర్ల ఏసిన్రు. దున్నినోళ్లని, కొట్లాడినోళ్లని ఎవరు రాసిన్రు?" అన్నాడు ఆయన.

జనగామలో రైలెక్కి కాజీపేట మీదుగా మానుకోటలో దిగాను. మహబూబాబాద్‌ను ఇక్కడివాళ్లు మానుకోట అనే పిలుస్తారు. 1889లో ఈ లైను బెజవాడ దాకా చేరింది. ఎద్దు మోసే ఉప్పు బస్తాను రైలు మోయడం మొదలుపెట్టాక బిడార్లకు పని లేకుండా పోయింది. అడవి చట్టాలు మేతను ఆపేశాయి. ఎక్కడి తండా అక్కడ ఆగింది. నేను సుఖంగా కిటికీ పక్కన కూర్చుని వచ్చిన ఈ దారే వాళ్ల దారిని మూసింది.

మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు, వాళ్లలో ఎక్కువమంది లంబాడీలు. ఇదే జాతి మహారాష్ట్రలో విముక్త జాతుల జాబితాలో, కర్ణాటకలో షెడ్యూల్డు కులాల్లో ఉంటుంది. తెలంగాణలో 1976 చట్టంతో షెడ్యూల్డు తెగ అయింది. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక చాలా తండాలకు సొంత సర్పంచి వచ్చాడు. నేను వెళ్లిన తండా కూడా అలా పంచాయతీ అయినదే. మిరప కోతల కాలం. కల్లాల్లో కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, ఘాటుకు కళ్లు మండుతున్నాయి. ఆడవాళ్లంతా చేలల్లోనే ఉన్నారు. ఇంటి దగ్గర ఒక అవ్వ, ఏడో నెల కడుపుతో ఉన్న ఆమె చిన్న కోడలు, నన్ను తీసుకెళ్లిన అంగన్‌వాడీ టీచరు.

అవ్వ మంచం కింది నుంచి రేకు పెట్టె లాగింది. ముందు ఫేటియా తీసింది. లంగా అంటాం గానీ మన లంగాకూ దానికీ పోలిక లేదు. ఒంటి చేత్తో ఎత్తబోయి రెండో చెయ్యి కూడా వేశాను. నడుము పట్టీ మీద వేలంత వెడల్పున ఎరుపు, పసుపు, నలుపు దారాలు. కింద అంచు పొడుగునా అద్దాలు. తర్వాత కాంచళి. తర్వాత తలమీద కప్పుకునే టుక్రి.

"అద్దం ఎట్లా నిలుస్తుందవ్వా? జిగురు పెడతారా?" అని అడిగాను.

ఆమె నవ్వి, సూదిలో దారం ఎక్కించమని కోడలికిచ్చింది. ఒక చిన్న అద్దం ముక్కను గుడ్డ మీద బొటనవేలితో అదిమిపట్టింది. నిలువుగా రెండు, అడ్డంగా రెండు దారాలు దాని మీదుగా బిగించింది. ఆ నాలుగు దారాల చట్రంలోకి సూది దూర్చి, గుడ్డలో గుచ్చి, మళ్లీ చట్రంలోకి తెచ్చి చుట్టూ అల్లుకుంటూ పోయింది. ఒక్కో కుట్టుకు చట్రం దారాలు అద్దం అంచుకు జరిగిపోయాయి. నడుమ గుండ్రటి వెలుగు మిగిలింది. అద్దానికి రంధ్రం లేదు, జిగురు లేదు. నాలుగు దారాల పట్టు, అంతే. కుట్టు అయ్యాక గుడ్డ తిరగేసి చూపించింది. వెనకవైపూ ముడి కనిపించలేదు. "నాకు సదువు రాదు. ఇది వచ్చు," అంది.

పెట్టె అడుగున బట్టలో మూటకట్టిన వెండి ఉంది. ఘుగ్రి, టోప్లి. చెవుల పక్కన జుట్టు పాయలకు కట్టుకుంటే చెంపల మీదికి వేలాడే చిన్న గోపురాలు, వాటి కింద మువ్వలు. నేను పాత చార్టులో గీతలుగా మాత్రమే చూసిన వస్తువు నా అరచేతిలో గలగలలాడింది. ఆ సంతోషంలో అడిగేశాను. "అవ్వా, ఒక్కసారి పెట్టుకుంటావా? చూసి గీసుకుంటాను."

కోడలు తల దించుకుంది. టీచరు నా మోచెయ్యి పట్టుకుంది.

అవ్వ మూట మళ్లీ కట్టింది. "మా ఆయన పోయి తొమ్మిదేండ్లాయె. ఇవి మల్ల నా నెత్తిమీదికి రావు బిడ్డా."

ఘుగ్రి పెళ్లినాడు తలకెక్కుతుంది, భర్త పోయిననాడు దిగుతుంది. చేతి గాజులూ అంతే. మోచేతి పైన, భుజం దాకా తొడిగే బలియాలు పెళ్లయినదానికే. ఒకప్పుడు దంతం, ఎముక, ఇప్పుడు ప్లాస్టిక్. వస్తువు మారింది, అర్థం మారలేదు. ఎదురుగా వచ్చే ఆడమనిషి పెళ్లికాని పిల్లా, పెనిమిటి ఉన్నదా, లేనిదా అన్నది దూరం నుంచే తెలిసిపోతుంది. నేను అందమనుకున్నదంతా రాత. ఆ అక్షరాలు రాకుండా దాన్ని గీయడానికి వచ్చాను. ఒక మనిషి దుఃఖాన్ని మళ్లీ తలమీద పెట్టుకోమని అడిగాను. ఆమె కాళ్లకు మొక్కి తప్పయిందన్నాను. "తెల్వకనే అడిగినవ్. తెల్సుకోవాల్నని వచ్చినవ్ గదా, కూసో," అని జొన్నరొట్టె పెట్టింది. వాళ్ల మాటలో బాటి. దాని మీద మిరప్పొడి, పక్కన ఉల్లిగడ్డ.

"మరి ఇవి ఎందుకు దాచావు?"

"ఎండి గదా. మనుమరాలు పుడితే కాళ్లకు పట్టీలు చేపిస్త."

కోడలు చీరలో ఉంది. ఫేటియా ఎందుకు కట్టవని నేను అడగలేదు. టీచరే కదిపింది. ఆ అమ్మాయి చాలా మామూలుగా చెప్పింది. "అది కట్టుకొని బస్సెక్కితే లంబాడిదానా జరుగు అంటరు. చీర కట్టుకుంటే అక్కా జరుగు అంటరు." బరువు, ఉతుకు, ఖర్చు, పొలం పని అన్నీ కారణాలే. ఆ రెండు పిలుపుల మధ్య ఉన్న దూరం మాత్రం నా నోటుబుక్కులో ఒక పేజీ నిండా ఉండిపోయింది. మనం వీధిలో కించపరిచిన బట్టనే వేదిక మీద పండుగకు కట్టమంటున్నాం, గోడమీద బొమ్మకు కట్టబెడుతున్నాం.

వరంగల్, పరకాల మీదుగా భూపాలపల్లి చేరేసరికి పొద్దు వాలింది. సింగరేణి బొగ్గు లారీలు, దూరంగా చెల్పూరు థర్మల్ కేంద్రం పొగగొట్టం. ఇక్కడ ఒక గిరిజన బాలికల వసతి గృహంలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు నా చిత్తు బొమ్మలు చూపించాలి. లంబాడీ, కోయ, నాయకపోడు పిల్లలు ఒకే గదిలో చదువుకుంటారు. చార్టు మూల మీద తీజ్ బుట్ట గీశాను. తీజ్ పండుగకు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతారు. మొలక, కడుపులో బిడ్డ, రెండూ పెరిగేవే కదా అని నా ఊహ.

ముందు వరసలో లంబాడీ పిల్ల వెంటనే చెయ్యెత్తింది. "మేడం, తీజ్ పెండ్లికాని పిల్లలది. బుట్టకు నీళ్లు పోసేది మేమే. దాన్ని కడుపుతోటి ఉన్నామె పక్కన పెట్టద్దు."

వెనక నుంచి ఒక కోయ పిల్ల లేచింది. "మేడం, కింద గిరిజన తల్లి అని రాసిన్రు. ఇది లంబాడోళ్ల అమ్మ. మా అమ్మ గిట్లుండదు. మాది మేడారం, సమ్మక్క."

నాయకపోడు పిల్ల గొంతు సన్నగా వచ్చింది. "మాకు లక్ష్మీదేవర ఉంటది. అది ఎవ్వరూ గీయరు." కాగితం మీద తనే చెక్క గుర్రం తల గీసి చూపించింది. దాన్ని తలమీద ధరించి తమవాళ్లు ఊరేగుతారని చెప్పింది.

మూడు జిల్లాలకు ఒకే చార్టు అన్న ఆలోచన ఆ గదిలోనే ఆగిపోయింది. గిరిజనులు అనేది ప్రభుత్వ పట్టికకు పనికొచ్చే మాట. తల్లి బొమ్మ కింద రాయడానికి పనికిరాదు. ముందు ఒప్పుకున్న ఖర్చుకు రెండింతలవుతుందని తెలిసీ సంస్థవాళ్లకు ఫోను చేశాను. తండాకు ఒకటి, కోయగూడేలకు ఒకటి, నాయకపోళ్ల ఊళ్లకు ఒకటి. వాళ్లు వారం రోజులు ఆలోచించి, ముందు తండాలది చేయమన్నారు. మిగిలిన రెండింటి కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను.

కొత్త చార్టులో ఎవరూ ఎగరడం లేదు. ఏడో నెల కోడలు మామూలు చీరలో పీట మీద కూర్చుని బాటి తింటోంది. పక్కన పప్పు, ఆకుకూర, గుడ్డు. మొగుడు బిందెతో నీళ్లు తెస్తున్నాడు. అత్త ఫేటియాలో ఉంది. పక్కింటామె పలకరించడానికి వచ్చింది. బడి సంచితో ఆడబిడ్డ. కింద తెలుగు వాక్యాలతోపాటు, టీచరు చెప్పగా తెలుగు అక్షరాల్లోనే గోర్‌బోలి వాక్యాలు రాశాను. మొదటి మాట యాడి, అమ్మ.

అచ్చుకు వెళ్లే ముందు నమూనా తీసుకుని మానుకోట తండాకు మళ్లీ వెళ్లాను. అవ్వ అరుగు మీద కూర్చుని చార్టు ఒళ్లో పెట్టుకుంది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమె వేలు బొమ్మల మీద నడిచింది.

"ఈమె అత్త. మొగడు లేడు." ఆగింది. "నా లెక్కనే." వేలు పక్కకు జరిగింది. "ఈమె పక్కింటామె, మొగడున్నడు, ఘుగ్రి ఉంది. ఈ పిల్లకు ఇంక పెండ్లి కాలే..."

వేలు అక్కడే ఆగిపోయింది. ఆడబిడ్డ చెయ్యి మీద రెండుసార్లు తట్టింది.

"పెండ్లి కాని పిల్లకు మోచేతి పైన గాజులెందుకు ఏసినవ్?"

రెండు గాజులు. అందం కోసం వేశాను. సంచీలోంచి రబ్బరు తీసి ఆ అరుగు మీదే కూర్చుని చెరిపాను. అవ్వ పొడిని ఊది, మళ్లీ చూసి, చార్టు నా చేతికిచ్చింది.